కాల్చి చూసిందే కట్టారా?

కెనడాలోని ఒంటారియో రాష్ట్రం వాడుకునే కరెంటులో దాదాపు సగం అణు విద్యుత్తే. పికరింగ్‌, డార్లింగ్టన్‌ కేంద్రాలు టొరంటోకు తూర్పున ఒంటారియో సరస్సు ఒడ్డున, మన తెలుగువాళ్లు కూడా ఇళ్లు కొనుక్కుని స్థిరపడిన ఊళ్లకు దగ్గరలోనే ఉన్నాయి. మూడోదైన బ్రూస్‌ హ్యూరన్‌ సరస్సు ఒడ్డున ఉంది. డార్లింగ్టన్‌ రియాక్టర్ల ఆయుష్షును మరో 30 ఏళ్లు పెంచడానికి 1,280 కోట్ల కెనడా డాలర్ల అంచనాతో 2016లో పునరుద్ధరణ పనులు మొదలుపెట్టారు. పికరింగ్‌లోని పాత యూనిట్లు 1, 4 మూతపడిన 2024లోనే, అక్కడి మిగతా యూనిట్ల పునరుద్ధరణకు రాష్ట్ర ప్రభుత్వం మద్దతు పలికింది. 2025 ఏప్రిల్‌లో డార్లింగ్టన్‌ ఆవరణలో కొత్త తరహా చిన్న రియాక్టరు నిర్మాణానికి కెనడా అణు భద్రతా కమిషన్‌ లైసెన్సు ఇచ్చింది.

ఇంత పెద్ద ఖర్చు, ఇంత పెద్ద నిర్ణయాల మధ్య బయట చర్చంతా ఇంధనం ఉండే ప్రెజర్‌ ట్యూబుల మీద, వ్యర్థాల మీద, డాలర్ల మీదే నడుస్తోంది. గోడల వెంట, నేలల కింద ట్రేలలో వందల కిలోమీటర్ల పొడవున సాగే కరెంటు కేబుళ్ల గురించి, వాటిని మంట నుంచి కాపాడతాయని చెప్పే తొడుగుల గురించి, ఆ తొడుగులను ఎలా పరీక్షించారన్న దాని గురించి మాట్లాడేవాళ్లు చాలా తక్కువ. అణు కేంద్రాల చరిత్రలో మనుషులను భయపెట్టిన అగ్నిప్రమాదాల్లో కొన్ని మాత్రం కేబుళ్ల వెంటే పాకాయి.

రియాక్టరును ఆపేస్తే పని అయిపోదు. ఆగిన తర్వాత కూడా ఇంధనం వేడెక్కుతూనే ఉంటుంది. దాన్ని గంటల తరబడి, రోజుల తరబడి చల్లార్చడానికి పంపులు తిరగాలి, వాల్వులు తెరుచుకోవాలి, కంట్రోల్‌ రూములో ఉన్నవాళ్లకు లోపల ఏం జరుగుతోందో తెలియాలి. ఇవన్నీ కేబుళ్ల మీదే ఆధారపడతాయి. అందుకే ఒక వరస చెడిపోతే రెండో వరస ఆదుకునేలా జంట ఏర్పాట్లు చేస్తారు. రెండు వరసల కేబుళ్లూ ఒకే గదిలోంచి, ఒకే గోడ కన్నంలోంచి వెళ్తే ఆ జంట ఏర్పాటు కాగితం మీదే మిగులుతుంది. పైగా కేబులు చుట్టూ ఉన్న ప్లాస్టిక్‌ తొడుగే మంటకు మేత.

ఇది ప్రపంచానికి గట్టిగా తెలిసొచ్చింది 1975 మార్చి 22న, అమెరికాలోని అలబామా రాష్ట్రం బ్రౌన్స్‌ ఫెర్రీలో. గోడలో కేబుళ్లు వెళ్లే కన్నాల దగ్గర గాలి ఎక్కడ కారుతోందో చూడడానికి ఒక కార్మికుడు కొవ్వొత్తి వెలిగించి పట్టుకున్నాడు. అక్కడ కూరిన ఫోమ్‌ మీద రక్షణ పూత లేదు. గాలి లాగేసరికి ఫోమ్‌ అంటుకుంది. మంట దాదాపు ఏడు గంటలు సాగి, 1,600కు పైగా కేబుళ్లను దెబ్బతీసింది. రెండు రియాక్టర్లు నడుస్తుండగా జరిగిన ఈ ప్రమాదంలో ఒకదాని అత్యవసర శీతలీకరణ వ్యవస్థలు పనికిరాకుండా పోయాయి. ఆ తర్వాతే 1980లో అమెరికా అణు నియంత్రణ సంస్థ జంట వరసల కేబుళ్ల మధ్య కనీసం 20 అడుగుల ఎడం ఉండాలనీ, లేదంటే గంటో మూడు గంటలో మంటను ఆపగల అడ్డు ఉండాలనీ నిబంధనలు పెట్టింది.

మనకు ఇంకా దగ్గరిది నరోరా. కెనడా వాళ్ల డగ్లస్‌ పాయింట్‌ రియాక్టరు నమూనాను రాజస్థాన్‌లో కట్టుకుని, 1974 అణు పరీక్ష తర్వాత కెనడా చేయి వదిలేస్తే మన ఇంజినీర్లు సొంతంగా అభివృద్ధి చేసుకున్న భారజల రియాక్టర్ల కుటుంబంలోదే ఉత్తరప్రదేశ్‌లోని నరోరా కేంద్రం. ఆ రియాక్టర్లలో వేసే ఇంధన కట్టలు తయారయ్యేది మన హైదరాబాద్‌లోని న్యూక్లియర్‌ ఫ్యూయల్‌ కాంప్లెక్స్‌లో. 1993 మార్చి 31 తెల్లవారుజామున మూడున్నర ప్రాంతంలో మొదటి యూనిట్‌ టర్బైన్‌ రెక్కలు రెండు విరిగిపోయాయి. ఆ అదురుకు హైడ్రోజన్‌ లీకై, నూనె అంటుకుని, మంట కేబుళ్లను పట్టుకుంది. వేర్వేరు తరగతుల విద్యుత్‌ సరఫరా కేబుళ్లను, అత్యవసర సరఫరా సహా, తగినంత ఎడం లేకుండా, మంటను ఆపే అడ్డు లేకుండా వేయడంతో ఒక్క మంట అన్నిటినీ చుట్టేసింది. డీజిల్‌ జనరేటర్లు ఉన్నా వాటి కరెంటు చేరాల్సిన చోటికి చేరే దారి లేకపోయింది.

యూనిట్‌ మొత్తం 17 గంటలు చీకట్లో ఉంది. పొగ కమ్ముకోవడంతో కంట్రోల్‌ రూము ఖాళీ చేయాల్సి వచ్చింది. సిబ్బంది టార్చిలైట్లు పట్టుకుని రియాక్టరు భవనం పైకి ఎక్కి, రియాక్టరు మళ్లీ రాజుకోకుండా బోరాన్‌ ద్రావణాన్ని చేతులతో వదిలారు. మంటలు ఆర్పడానికి పెట్టిన డీజిల్‌ పంపులతోనే స్టీమ్‌ జనరేటర్లకు నీళ్లు పట్టి వేడిని తీశారు. రేడియేషన్‌ బయటికి రాలేదు. అంతర్జాతీయ తీవ్రతా కొలమానంపై దీన్ని మూడో స్థాయి ఘటనగా లెక్కించారు. ఆ రాత్రి ఆ మెట్లెక్కిన మనుషుల ధైర్యానికి ఈ దేశం ఎంత రుణపడి ఉందో ఎక్కడా సరిగ్గా చెప్పుకోలేదు. కెనడాలో కాండూ అనే భారజల రియాక్టర్లు నడిపే ప్రతి ఇంజినీరూ చదవాల్సిన కథ ఇది, ఎందుకంటే ఇది వాళ్ల రియాక్టర్ల కుటుంబంలో జరిగింది.

కెనడా ఈ విషయంలో చేతులు ముడుచుకుని కూర్చోలేదు. తర్వాతి తరం కాండూ కేంద్రాలలో భద్రతా వ్యవస్థలను రెండు గుంపులుగా విడదీసి, ఒక చోట మంట చెలరేగినా రెండో గుంపుతో రియాక్టరును అదుపు చేసేలా, ప్రధాన కంట్రోల్‌ రూముకు దూరంగా రెండో కంట్రోల్‌ గది ఉండేలా చూశారు. సీఎస్‌ఏ ఎన్‌293 అనే అగ్ని రక్షణ ప్రమాణాన్ని లైసెన్సులలో భాగం చేశారు. ప్రతి కేంద్రమూ ఏ గదిలో మంట వస్తే ఏం పోతుందో అంచనా వేయాలి, ఆ మంటలోనూ రియాక్టరును సురక్షితంగా ఆపగలమని విశ్లేషించి చూపాలి. ఇది మంచి చట్రమే. కానీ ఆ విశ్లేషణలన్నీ ఒక నమ్మకం మీద నిలబడి ఉన్నాయి. గోడలో కూరిన సీలు, కేబులు ట్రే చుట్టూ కట్టిన తొడుగు, కాగితం మీద రాసినన్ని గంటలు మంటను ఆపుతాయన్నదే ఆ నమ్మకం. అది ఎక్కడి నుంచి వస్తుంది? పరీక్ష నుంచి.

ఈ పరీక్షలు రెండు రకాలు. జనం తికమకపడేది కూడా ఇక్కడే. కెనడాలో ఎఫ్‌టీ4 అనే పరీక్షలో నిలువు ట్రేకు కేబుళ్లు కట్టి, కింద 20 కిలోవాట్ల బర్నరుతో 20 నిమిషాలు మండిస్తారు. కాలిన మేర బర్నరు నుంచి ఒకటిన్నర మీటర్లు దాటకపోతే ఆ కేబులు నెగ్గినట్టు. ఈ పరీక్ష చెప్పేది మంట ఎంత దూరం పాకుతుందనేదే. ఆ మంటలో కేబులు పనిచేస్తూ ఉంటుందా అన్నది దీనికి సంబంధం లేని విషయం. సాధారణ ప్లాస్టిక్‌ తొడుగున్న కేబులు సుమారు 205 డిగ్రీల సెల్సియస్‌ దగ్గరే పనికిరాకుండా పోవచ్చని, మెరుగైన రకమైతే 330 దాకా నిలవగలదని ఇంజినీర్లు లెక్కల్లో వాడతారు. నిజమైన మంటలో ఆ వేడికి చేరడం ఎంతసేపు? కేబులు చచ్చిపోయేటప్పుడు ఊరికే పోదు కూడా. లోపలి తీగలు ఒకదానికొకటి తగిలి, ఎవరూ మీట నొక్కకుండానే వాల్వు తెరుచుకోవచ్చు, పంపు ఆగిపోవచ్చు. అమెరికాలోని శాండియా ప్రయోగశాలలో కేబుళ్లను కాల్చి చేసిన పరీక్షలలో ఇలాంటి తప్పుడు సంకేతాలు నిజంగానే పుట్టాయి.

రెండో రకం, అడ్డుల పరీక్ష. గోడనో తొడుగునో కొలిమికి ఎదురుగా నిలబెట్టి, వేడిని ఒక నిర్ణీత క్రమంలో పెంచుతారు: ఐదు నిమిషాలకు 538 డిగ్రీలు, అరగంటకు 843, గంటకు 927, మూడు గంటలకు 1,052. అవతలి వైపు వేడి ఎంత పెరిగిందో చూస్తారు. అమెరికా నియమం ప్రకారం ఆ సగటు పెరుగుదల 139 డిగ్రీలు దాటకూడదు. తర్వాత దాని మీద గొట్టంతో నీళ్లు కొట్టి, నిలిచిందో ఊడిందో చూస్తారు. ఇంత కఠినమైన పరీక్ష నెగ్గాక ఇంకేం కావాలి అనిపిస్తుంది. చిక్కంతా ఆ కొలిమి ముందు నిలబెట్టిన నమూనాకూ, ప్లాంటులో కట్టినదానికీ మధ్య ఉన్న తేడాలో ఉంది.

1980లలో అమెరికాలో డజన్ల కొద్దీ రియాక్టర్లలో థర్మోలాగ్‌ అనే పదార్థంతో కేబులు ట్రేలకు తొడుగులు కట్టారు. గంట, మూడు గంటలు ఆగుతుందని తయారీదారు నివేదికలు చెప్పాయి. లూసియానాలోని రివర్‌బెండ్‌ కేంద్రం సొంతంగా చేయించిన పరీక్షలో ఆ తొడుగు మధ్యలోనే విఫలమైంది. 1992లో జరిగిన పరీక్షలతో సంగతి బట్టబయలైంది. ఆ తొడుగు సన్న గొట్టాల మీద ఒకలా, వెడల్పాటి ట్రేల మీద ఇంకోలా ప్రవర్తించి, అతుకుల దగ్గర విడిపోయి, చెప్పిన సమయానికి చాలా ముందే చేతులెత్తేసింది. తయారీదారు ఇచ్చిన నివేదికలను సరిగ్గా సరిచూసుకోకుండానే అంగీకరించారని అమెరికా అణు నియంత్రణ సంస్థ సిబ్బందిని ఆ సంస్థ ఇన్‌స్పెక్టర్‌ జనరలే తప్పుపట్టారు. ఏళ్ల తరబడి చాలా కేంద్రాల్లో మనుషులను తిప్పి, మంట ఎక్కడైనా వచ్చిందా అని చూసుకోవాల్సి వచ్చింది. అంతా సర్దుకుందనుకునేలోపు, 2005లో హెమిక్‌ అనే మరో తొడుగును అదే సంస్థ స్వయంగా పరీక్షించింది. పై వస్త్రం వేడికి ముడుచుకుపోయి అతుకులు తెరుచుకున్నాయి. గంట రేటింగు నిలబడలేదు.

ఇది అమెరికా గొడవ, కెనడాకేం సంబంధం అనేవాళ్లకు కెనడా చరిత్రలోనే జవాబు ఉంది. అది అణు కేంద్రంలోది కాదు, విమానంలోది. 1998 సెప్టెంబరు 2న న్యూయార్క్‌ నుంచి జెనీవా వెళ్తున్న స్విస్‌ఎయిర్‌ 111 విమానం నోవా స్కోషియాలోని పెగ్గీస్‌ కోవ్‌ దగ్గర సముద్రంలో కూలి 229 మంది చనిపోయారు. కెనడా రవాణా భద్రతా బోర్డు నాలుగేళ్లకు పైగా శోధించి, 2003 మార్చిలో నివేదిక ఇచ్చింది. వైరులో పుట్టిన నిప్పురవ్వ వల్ల పక్కనే ఉన్న ఇన్సులేషన్‌ దుప్పట్ల పై పొర అంటుకుని ఉంటుందని తేల్చింది. ఆ పొర అప్పటి మంట పరీక్షను నెగ్గినదే. ఆ పరీక్షలో ఒక ముక్కకు చిన్న బర్నరు మంటను 12 సెకన్లు చూపించేవారు. అసలైన చోట, అసలైన రీతిలో, అసలైన నిప్పుకు అది ఎలా మండుతుందో ఆ పరీక్ష చెప్పలేకపోయింది. పరీక్ష నెగ్గడానికీ మంటకు ఆగడానికీ ఎంత దూరం ఉండగలదో కెనడా కంటే బాగా లోకానికి చెప్పిన దేశం లేదు. ఆ పాఠాన్ని తన అణు కేంద్రాలకు వర్తింపజేసుకోవలసిన బాధ్యత కూడా కెనడాదే.

రేటింగు అనేది పదార్థానికి ఉండే గుణం కాదు. ఆ మందం, ఆ అతుకు, ఆ బిగింపు, ఆ ట్రే వెడల్పు, అందులో ఉన్నన్ని కేబుళ్లు, ఆ ఊతకమ్మీలు, వీటన్నిటితో కూడిన కట్టుబడికి మాత్రమే ఉండే గుణం. విత్తనం సంచి మీద రాసిన మొలక శాతం మన పొలంలో, మన నీటితో ఎలా ఉంటుందో రైతుకు తెలుసు. అణు కేంద్రంలో ఆ జ్ఞానం ఇంకా ఎక్కువ అవసరం. పునరుద్ధరణ సమయంలో కొత్త కేబుళ్లు లాగడానికి పాత సీళ్లు తవ్వుతారు, మళ్లీ పూడుస్తారు. తొడుగు మందం పెంచితే లోపలి కేబులు వేడెక్కి, మోయగల కరెంటు తగ్గుతుంది. దశాబ్దాల వాడకంతో తొడుగులు పెళుసెక్కుతాయి. ఇవేవీ మొదటి పరీక్ష నాటి నమూనాలో ఉండవు.

ఒక తొడుగు విఫలమైతే ప్రమాదం జరిగినట్టు కాదు కదా అని ఇంజినీర్లు అంటారు. నిజమే. పొగ డిటెక్టర్లు, స్ప్రింక్లర్లు, ప్లాంటు అగ్నిమాపక దళం, రెండు గుంపుల విభజన, ఇన్ని వరసలు ఉన్నాయి. అయినా ఒకటి గమనించాలి. మంట వల్ల ఎంత ముప్పు అని లెక్క కట్టేటప్పుడు ఆ తొడుగు గంట ఆగుతుందనే అంకెనే లెక్కలో వేస్తారు. అంకె తప్పయితే ముప్పు లెక్కా తప్పే అవుతుంది. లోతైన రక్షణ అని చెప్పుకునే వరసల్లో ప్రతి వరసా తన మాట నిలబెట్టుకుంటుందని విడిగా రుజువు కావాలి. నరోరాలోనూ కాగితం మీద వరసలు చాలానే ఉన్నాయి.

అందుకే నా అభిప్రాయం సూటిగా చెబుతాను. లైసెన్సు పొడిగింపు అడిగే ప్రతి అణు కేంద్రమూ తన కేబులు అడ్డులలో ఏ కట్టుబడిని, ఏ ప్రయోగశాలలో, ఏ ప్రమాణం ప్రకారం కాల్చి చూశారో, ప్లాంటులో కట్టినది దానికి ఎక్కడెక్కడ తేడాగా ఉందో, ఆ తేడాను ఎవరు, ఏ ఆధారంతో సమర్థించారో బహిరంగంగా పెట్టాలి. దొంగలకు దారి చూపే వివరాలు దాచుకోవచ్చు. వ్యాపార రహస్యం పేరుతో పరీక్ష ఫలితాన్ని దాచడం మాత్రం సమ్మతం కాదు. ప్లాంటు నుంచి తీసిన పాత కేబులును, పాత సీలును తీసుకెళ్లి కొలిమిలో పెట్టి చూడాలి. పునరుద్ధరణలో తొలగించే సరంజామా చేతికి వచ్చే ఇలాంటి సమయం మళ్లీ 30 ఏళ్లకు గానీ రాదు.

ఇది మనకూ ముందున్న పనే. శ్రీకాకుళం ప్రాంతంలోని కొవ్వాడలో అమెరికా డిజైను రియాక్టర్లు ఆరు కట్టాలన్న ప్రతిపాదన ఏళ్లుగా ఉంది. భూమి గురించి, పరిహారం గురించి, చేపల వేట గురించి అక్కడివాళ్లు అడిగిన ప్రశ్నలన్నీ న్యాయమైనవే. కేబులు గదుల అడ్డులకు ఎవరి పరీక్ష నివేదిక ఆధారం, దాన్ని మన అణుశక్తి నియంత్రణ మండలి సొంతంగా సరిచూస్తుందా అన్న ప్రశ్న కూడా ఆ జాబితాలో చేరాలి. పునాది పడ్డాక అడిగితే వచ్చే సమాధానం వేరుగా ఉంటుంది.

కెనడాలో ఉన్న తెలుగువాళ్లకు ఒక వెసులుబాటు ఉంది. అక్కడ అణు లైసెన్సుల విచారణలు బహిరంగంగా జరుగుతాయి. మామూలు పౌరుడు కూడా రాతపూర్వకంగా అభ్యంతరమో ప్రశ్నో పంపవచ్చు, అవకాశం అడిగి కమిషన్‌ ముందు మాట్లాడవచ్చు. ప్రజలు పాల్గొనడానికి ఆర్థిక సహాయం చేసే పథకం కూడా 2011 నుంచి ఉంది. పికరింగ్‌, డార్లింగ్టన్‌ చుట్టుపక్కల ఉన్నవాళ్లలో విద్యుత్‌ ఇంజినీర్లు ఎందరో ఉంటారు. వచ్చే విచారణ ప్రకటన వెలువడినప్పుడు ఒక పేజీ రాసి పంపండి. కాల్చి చూసినదే ప్లాంటులో కట్టారా అని అడిగి, జవాబు రాతలో ఇవ్వమనండి.