బండి దిగాకే వేట

పొలిమేర – వారం వారం

ఎలక్ట్రిక్ కారు మరీ అలికిడి లేకుండా నడుస్తోందని అమెరికా కాంగ్రెస్ 2010లో ఒక చట్టం చేసింది. చూపు లేనివాళ్లు రోడ్డు దాటుతుంటే బండి వస్తున్నట్టు తెలియాలి కదా! అందుకని నెమ్మదిగా పోయేటప్పుడు అది కావాలనే చప్పుడు చేయాలన్నారు. గంటకు 30 కిలోమీటర్ల వేగం దాకా అక్కడ ఆ మోత తప్పనిసరి. యూరప్‌లో ఆ హద్దు 20 కిలోమీటర్లు. అదే అమెరికాలో ఊళ్లు దాటి పచ్చికబయళ్లూ అడవులూ మొదలయ్యే చోట అదే నిశ్శబ్దాన్ని గొప్ప సుగుణంగా చూపించి బండ్లు అమ్ముతున్నారు. జంతువుకు తెలియకుండా దగ్గరికి పోవచ్చన్నది వేటగాడికి చెప్పే మాట. నగరంలో మనిషికి ప్రమాదమని తేల్చిన మౌనం అడవిలో జంతువుకు న్యాయమేనా అన్నది మాత్రం ఇంకా తెగలేదు.

ముందు ఆ బండ్ల సంగతి. గోల్ఫ్ మైదానాల్లో తిరిగే బ్యాటరీ బండిని కాస్త ఎత్తు చేసి, మోటు టైర్లు తొడిగి వేటగాళ్లకు అమ్మడం కొత్తేం కాదు. మిసిసిపీ రాష్ట్రంలోని నాచెజ్‌లో పుట్టిన బ్యాడ్ బాయ్ బగ్గీస్ ఆ పనితోనే పేరు తెచ్చుకుంది. 2010లో దాన్ని టెక్స్‌ట్రాన్ సంస్థ కొనేసింది. అప్పటివి లెడ్ యాసిడ్ బ్యాటరీలు. బరువు జాస్తి, ఓపిక తక్కువ. లిథియం వచ్చాక లెక్క మారింది. 2021 చివర పొలారిస్ కంపెనీ ప్రకటించిన రేంజర్ ఎక్స్‌పీ కైనెటిక్‌ది 110 హార్స్‌పవర్. చిన్న బ్యాటరీతో సుమారు 70 కిలోమీటర్లు, పెద్దదానితో సుమారు 130 కిలోమీటర్లు పోతుందని కంపెనీ చెప్పింది. వీటికి తోడు లావుపాటి టైర్ల ఈ-బైకులు. వెనక చిన్న ట్రైలర్ తగిలిస్తే వేటాడిన జింకను కూడా లాక్కొచ్చేస్తాయి.

ఈ బండ్ల మీద నాకు కోపం లేదు. పొలం పనికి ఇంతకన్నా సరైన బండి దొరకడం కష్టం. రాంచ్ మీద రోజంతా చేసే ప్రయాణం ఎలా ఉంటుంది? గేటు దగ్గర ఆగడం, కంచె చూడడం, మేత దించడం, నీళ్ల తొట్టెలో తేలే బంతి పనిచేస్తోందో లేదో చూసి మళ్లీ కదలడం. పెట్రోలు ఇంజనుకు ఇలాంటి ఆగుతూ సాగే నడక పడదు. ఎలక్ట్రిక్ మోటారుకు అదే అనువు. కదిలిన క్షణం నుంచే పూర్తి బలం ఇస్తుంది. ఏటవాలులో నడక వేగంతో పొమ్మన్నా మొరాయించదు. బంకు ఇరవై మైళ్ల దూరంలో ఉన్నవాడికి కొట్టంలోనే ఛార్జింగు పెట్టుకునే వీలు చిన్నదేం కాదు. న్యూజీలాండ్‌లో యూబీకో అనే సంస్థ రెండు చక్రాల్లోనూ మోటార్లు పెట్టి తయారుచేసిన బైకు మొదట పాడిరైతుల కోసం వచ్చిందే. లోపాలూ ఉన్నాయి. చలి ముదిరితే బ్యాటరీ దూరం తగ్గుతుంది, బరువు లాగితే ఇంకా తగ్గుతుంది. పొలారిస్ బండి ధర కూడా కొత్తలో 25 వేల డాలర్ల దగ్గర మొదలైంది. అయినా రైతు చేతిలో అది పనిముట్టు. తగువంతా అదే బండిలో తుపాకీ ఎక్కినప్పుడే.

వేటగాడి వాదన తేలికగానే అర్థమవుతుంది. జింకల వేట ఎక్కువగా తెల్లవారుజామున, సాయంత్రం మసక వెలుతురులో సాగుతుంది. చీకట్లో మంచె దగ్గరికి చేరుకునేటప్పుడు పెట్రోలు బండి చప్పుడూ పొగ వాసనా చుట్టుపక్కల జంతువుల్ని లేపేస్తాయి. బ్యాటరీ బండికి ఆ రెండూ లేవంటారు. సగం నిజమే. మనిషి చెవి 20 వేల హెర్ట్జ్ దగ్గర ఆగిపోతుంది. తెల్లతోక జింక 30 వేల దాకా వినగలదని జార్జియా విశ్వవిద్యాలయం పరిశోధకులు పరీక్షించి చెప్పారు. మోటారుకు కరెంటును తుంపులు తుంపులుగా పంపే పరికరం నుంచి వచ్చే సన్నని ఈల చాలా బండ్లలో మనకు అందీ అందనంత పైస్థాయిలో ఉంటుంది. జింకకు అది అందే అవకాశం ఎక్కువే. టైరు కింద నలిగే ఎండుటాకుల మాటా, గాలి మోసుకొచ్చే మనిషి వాసన మాటా సరేసరి. మౌనం అని మనం అనుకుంటున్నది మన చెవి కొలతకే మౌనం.

సరే, జంతువుకు నిజంగానే వినబడలేదనుకుందాం. చప్పుడు తగ్గితే దానికి బెదురు తగ్గుతుందా? దీనికి ఊహలతో పనిలేదు. ఒరెగన్ రాష్ట్రంలోని బ్లూ మౌంటెన్స్‌లో స్టార్కీ అనే ప్రయోగ అడవి ఉంది. చుట్టూ ఎత్తయిన కంచె వేసి, లోపలి ఎల్క్ అనే పెద్ద జింకలకు రేడియో పట్టీలు కట్టి, మనుషుల్ని నాలుగు రకాలుగా లోపలికి పంపారు: ఇంజను బండి మీద, కొండల సైకిలు మీద, కాలినడకన, గుర్రం మీద. 2009లో అచ్చయిన ఫలితాల్లో జంతువుల్ని అన్నిటికన్నా ఎక్కువ పరుగెత్తించింది ఇంజను బండే. రెండో స్థానం మాత్రం నడిచేవాడిది కాదు, ఏ ఇంజనూ లేని సైకిలుది. చప్పుడు ఒక్కటే కారణమైతే సైకిలు ఆ చోట ఉండకూడదు. వేగం, హఠాత్తుగా ప్రత్యక్షమవడం కూడా జంతువును కలవరపెడతాయన్నమాట. పైగా చక్రం మీద ఉన్నవాడు ఒక పూటలో నడిచేవాడికన్నా చాలా ఎక్కువ అడవిని చుట్టబెడతాడు. కలవరపడే జంతువుల సంఖ్యా ఆ మేరకు పెరుగుతుంది.

నిశ్శబ్దంగా దూసుకుపోవడం మనిషికైనా మేలు చేస్తుందన్న నమ్మకం లేదు. 2016లో మోంటానాలో గ్లేసియర్ నేషనల్ పార్క్ పక్కన ఒక అటవీ అధికారి సెలవు పూట సైకిలు మీద వేగంగా వస్తూ మలుపులో గ్రిజ్లీ ఎలుగుబంటిని గుద్దుకున్నాడు. ఎలుగుకూ తెలియలేదు, ఆయనకూ తెలియలేదు. ఆయన బతకలేదు. మన పల్లెల్లో చీకటి పడ్డాక నడిచేవాళ్లు కర్ర తాటించుకుంటూ, గొంతు సవరించుకుంటూ పోతారు. నేను వస్తున్నాను, నీ దారిన నువ్వు తప్పుకో అని పాముకో పందికో చెప్పే మర్యాద అది.

అమెరికా వేటగాళ్లకు ఈ మర్యాద తెలియనిది కాదు. థియొడోర్ రూజ్‌వెల్ట్ 1887లో స్థాపించిన బూన్ అండ్ క్రాకెట్ క్లబ్ వేటకు ఒక నీతి రాసుకుంది. జంతువుకు తప్పించుకునే అవకాశం ఉండాలి, వేటగాడికి అనుచితమైన పైచేయి ఉండకూడదు. 1902లో అదే రూజ్‌వెల్ట్, అప్పటికి దేశాధ్యక్షుడు, మిసిసిపీలో వేటకు వెళ్తే వెంట ఉన్నవాళ్లు ఒక ఎలుగుబంటిని చెట్టుకు కట్టి కాల్చమన్నారు. ఆయన కాల్చనన్నాడు. పిల్లలు ఎత్తుకు తిరిగే టెడ్డీ బేర్‌కు ఆ పేరు అక్కడే పడింది. అక్కడ అసలు విషయం దయ కాదు. గాయపడ్డ ఆ ఎలుగును తర్వాత ఆయన మాట మీదే చంపేశారు. కట్టేసిన జంతువును కాల్చడం వేట కాదన్నదే ఆయన పట్టుదల.

ఆ నీతిని చట్టంగా మార్చేటప్పుడు తెలివైన పని చేసింది అలాస్కా. అక్కడ చిన్న విమానాలు లేకుండా మారుమూలకు చేరడం అసాధ్యం. విమానాన్ని నిషేధించలేరు. ఆకాశం నుంచి చూసి, దిగి, కాల్చేయడాన్ని ఒప్పుకోనూ లేరు. అందుకని విమానంలో తిరిగినవాడు మర్నాడు తెల్లవారుజామున 3 గంటల దాకా చాలా రకాల పెద్ద జంతువుల్ని కాల్చకూడదన్నారు. యంత్రానికీ తుపాకీకీ మధ్య ఒక రాత్రి పెట్టారు. ఆ రాత్రిలో జంతువు ఎటైనా పోవచ్చు.

ఎలక్ట్రిక్ బండి విషయంలో మాత్రం అమెరికా ఇంకా తడబడుతూనే ఉంది. 1964 నాటి వైల్డర్‌నెస్ చట్టం కింద ప్రత్యేకంగా కేటాయించిన అడవుల్లోకి సైకిలు కూడా పోకూడదు. మిగతా ప్రభుత్వ భూముల్లో మోటారు బండ్లకు దారులు గుర్తించాలని 1972 ఫిబ్రవరిలో అప్పటి అధ్యక్షుడు నిక్సన్ ఉత్తర్వు ఇచ్చాడు. 2019లో అంతర్గత వ్యవహారాల శాఖ తన పరిధిలోని భూముల్లో ఈ-బైకుల్ని మామూలు సైకిళ్లలా చూడమంది. వ్యవసాయ శాఖ కింద ఉండే ఫారెస్ట్ సర్వీసేమో అవి మోటారు బండ్లేనంటుంది. ఒకే బైకు ఒక సరిహద్దురాయికి ఇవతల సైకిలు, అవతల మోటారు. తగువంతా పెడల్ ఉందా, మోటారు ఎన్ని వాట్లు అన్నదాని చుట్టే తిరుగుతోంది. బండి మీద ఉన్నవాడు ఎక్కడ దిగాలి అన్నది వెనక్కి పోయింది.

బండి కావాలనేవాళ్ల పక్షాన బలమైన మాటలు రెండున్నాయి. ఒకటి, వయసు మీదపడ్డవాళ్లూ కాళ్లు సహకరించనివాళ్లూ అడవికి దూరం కావాలా? అక్కర్లేదు. చాలా రాష్ట్రాలు అలాంటివాళ్లకు ఆగి ఉన్న బండిలోంచి కాల్చేందుకు ప్రత్యేక అనుమతి ఇస్తున్నాయి. ఇవ్వాల్సిందే. చంపిన ఎల్క్ మాంసాన్ని ఇంటికి చేర్చడానికి కూడా బండి వాడుకోవచ్చు. అప్పటికి జంతువుతో లెక్క ముగిసిపోయి ఉంటుంది. రెండోది, అడవి పందులు. టెక్సస్‌లో వాటిని హెలికాప్టర్ నుంచి కాల్చడానికి కూడా అనుమతి ఉంది. 2019 నుంచి సొంతదారు ఒప్పుకుంటే ప్రైవేటు భూమిలో వాటికి వేట లైసెన్సు కూడా అక్కర్లేదు. అది పంట కాపుదల, వేట కాదు. ఆ పనిలో నిశ్శబ్దం సాయపడితే కాదనను. అయితే ఒకటికి ఇచ్చిన సడలింపును రెండోది వాడుకోకూడదు. పందుల కోసం కొన్న బండే నవంబరులో జింకల వెంట పడుతుంది.

మన దేశంలో ఈ చర్చ మరో రకం. ఇక్కడ వేట సరదా కాదు, నేరం. అయినా బండెక్కి వేటాడితే ఏమవుతుందో మనకన్నా బాగా తెలిసినవాళ్లు తక్కువ. 1947లో, ఇప్పటి ఛత్తీస్‌గఢ్‌లోని కొరియా సంస్థానపు రాజా రాత్రి మోటారులో పోతూ కంటబడ్డ మూడు చీతాల్ని కాల్చేశాడు. మూడూ మగవే. దేశంలో చీతా కథ దాదాపు అక్కడితో ముగిసింది. 1952లో ప్రభుత్వం అవి అంతరించాయని ప్రకటించింది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదట ఉన్న 17వ సెక్షన్ చక్రాల బండి మీంచి, మోటారు వాహనం మీంచి వేటాడడాన్ని నిషేధించింది. ఆ చట్టం రాసినవాళ్లు చప్పుడు గురించి మాట్లాడలేదు, చక్రం గురించి మాట్లాడారు. 1991 సవరణలో వేట లైసెన్సుల ఏర్పాటే పోయింది కాబట్టి ఆ సెక్షనూ పోయింది. నేరానికి వాడిన బండి ప్రభుత్వపరం కావాలన్న 39వ సెక్షన్ మాత్రం ఉంది. అది పెట్రోలుదా బ్యాటరీదా అని అడగదు.

తెలుగు నేల మీద వేటకు కరెంటు ఎప్పుడో వచ్చింది, బండి రూపంలో కాదు, తీగ రూపంలో. అడవి పందుల కోసం లైను నుంచి కొక్కెం వేసి గుట్టుగా లాగిన తీగలకు దుప్పులు, పులులు, పశువులు, పొలానికి పోయే రైతులు బలవుతూనే ఉన్నారు. 2024లో భూపాలపల్లి జిల్లా కాటారం అడవుల్లో గాలింపుకు వెళ్లిన గ్రేహౌండ్స్ కమాండో ఒకరు అలాంటి తీగకే ప్రాణం పోగొట్టుకున్నారు. చప్పుడు చేయని వేట ఎంత విచక్షణ లేనిదో చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

అందుకే మన దగ్గర ఎలక్ట్రిక్ బండి ముందు చేరాల్సింది అడవిని కాసేవాడి చేతికి. దక్షిణాఫ్రికాలో క్రూగర్ నేషనల్ పార్క్ పక్కన ఉన్న సదరన్ ఆఫ్రికన్ వైల్డ్‌లైఫ్ కాలేజీ రేంజర్ల కోసం స్వీడన్ సంస్థ కేక్ ఎలక్ట్రిక్ బైకుల్ని తయారుచేసింది. పెట్రోలు బైకు చప్పుడు మైళ్ల దూరం నుంచే దొంగ వేటగాడికి హెచ్చరికగా పనిచేయడం వాళ్లను వేధించిన సమస్య. బంకులు లేని చోట సౌరపలకలతో ఛార్జింగు చేసుకోవచ్చన్నది అదనపు లాభం. నల్లమలలోనూ కవ్వాల్‌లోనూ బేస్ క్యాంపుల్లో ఉండే చెంచు, గోండు వాచర్లలో చాలామంది రాత్రి గస్తీ కాళ్లతోనే తిరుగుతారు. ఆ బండి అవసరం వాళ్లకుంది. ధర దిగిరాగానే దొంగ చేతికీ అది వస్తుంది. ఆలోపు గార్డు చేతికి రావాలి.

అమెరికాకైనా మనకైనా నిబంధన రాసే పద్ధతి ఒకటే ఉండాలని నా అభిప్రాయం. డెసిబెల్స్ కొలిచి, వాట్లు లెక్కపెట్టి రాసిన నియమం వచ్చే ఏటి మోడలుకే పాతబడుతుంది. గుర్తించిన దారి దాకా బండి, అక్కడి నుంచి కాలినడక. బండి మీద ఉన్నంతసేపు తుపాకీలో తూటా ఉండకూడదు. నడవలేనివాడికి, పంట కాపుదలకు రాతపూర్వక మినహాయింపు. ఇంతే. ఇది పెట్రోలుకూ పనికొస్తుంది, బ్యాటరీకీ పనికొస్తుంది, రేపు వచ్చే ఇంకో యంత్రానికీ పనికొస్తుంది. నాలుగు మైళ్లు నడవడం ఇష్టం లేనివాడికి మాంసం కావాలేమో గానీ వేట అక్కర్లేదు. మాంసం దుకాణంలో దొరుకుతుంది.