చెవి చూస్తున్నారు, పన్ను చూస్తున్నారు; ముక్కు కూడా చూడండి

రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమాన్ని తెలుగు రాష్ట్రాల్లో నడిపిస్తున్న అధికారులకు నమస్కారం.

2013లో మొదలైన ఈ కార్యక్రమం కింద మీ బృందాలు అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు, ప్రభుత్వ బడులకు ఒకసారి వెళ్లి 30 రకాల సమస్యల కోసం పిల్లల్ని పరీక్షించాలి. చెవిలో చీము, వినికిడి లోపం, పిప్పిపళ్లు ఆ జాబితాలో ఉన్నాయి. పగలూ రాత్రీ నోటితోనే ఊపిరి పీల్చే బిడ్డ సంగతి లేదు.

ముక్కు వెనక, కొండనాలుకకు పైన అడినాయిడ్స్ అనే కండ ఉంటుంది. మూడు నుంచి ఏడేళ్ల మధ్య అది బాగా పెరుగుతుంది. ముఖం ఎముకలు చురుగ్గా ఎదిగే వయసూ అదే. ఆ కండ గాలిదారికి అడ్డుపడితే బిడ్డ నోరు తెరుస్తుంది. నోరు మూసి ఉంటే నాలుక అంగిలికి ఆని, పైదవడ వెడల్పుగా ఎదగడానికి ఊతమిస్తుంది. తెరిస్తే కిందికి జారిపోతుంది. ఏళ్ల తరబడి ఇలా సాగితే అంగిలి ఇరుకై గోపురంలా పైకి లేవవచ్చు, పళ్లకు చోటు చాలకపోవచ్చు, ముఖం పొడుగు కావచ్చు. ముక్కుకు నేల ఆ అంగిలే కనుక ముక్కుదారీ ఇరుకవుతుంది.

పరిశోధకుడు ఎగిల్ హార్వాల్డ్ 1970లలో కోతుల ముక్కులు మూసి చేసిన ప్రయోగాల్లో వాటి దవడలు, పళ్ల వరసలు మారిపోయాయి. అడినాయిడ్స్ తీశాక ముక్కుతో ఊపిరి పీల్చడం మొదలుపెట్టిన పిల్లల్లో అలాంటి మార్పులు కొంత సర్దుకోవడాన్ని స్వీడన్‌లో పరిశోధకుడు లిండర్-ఆరన్సన్ గమనించారు. ముఖం తీరులో వంశపారంపర్యం పాలు పెద్దదే, కాదనను. కానీ మూసుకుపోయిన ముక్కును మనం సరిచేయగలం. పైగా చెవికి వెళ్లే గొట్టాన్ని మూసేసి, కర్ణభేరి వెనక నీరు చేరేలా చేసేదీ చాలాసార్లు ఈ కండే.

నేను కోరేది మీ బృందాలు నింపే పరీక్ష కార్డులో రెండు ప్రశ్నలు. బిడ్డ రోజూ గురక పెడుతుందా? నోరు తెరుచుకుని పడుకుంటుందా? బిడ్డ గురక పెడితే హాయిగా నిద్రపోతోందని మురిసిపోయే ఇళ్లు మనవి. అడగందే ఏ తల్లీ చెప్పదు. అవునంటే జిల్లా కేంద్రంలో ఈఎన్‌టీ డాక్టరుకు చూపించండి. అందరికీ ఆపరేషన్ అక్కర్లేదు, ఎలర్జీ అయితే మందుతోనే తగ్గవచ్చు. నిద్రలో ఊపిరి ఆగి ఆగి వస్తుంటే మాత్రం ఆలస్యం చేయకూడదు.

ఇంకొక్క మాట. నోటికి టేపు అంటించి పడుకోమనే వీడియోలు ఫోన్లలో తిరుగుతున్నాయి. ముక్కు మూసుకుపోయిన బిడ్డకు అది ప్రమాదం. ఈ సంగతి అంగన్‌వాడీ టీచర్ల చేత తల్లులకు వెంటనే చెప్పించండి.

ఇట్లు,
ఒక ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయుడు