తెరపై ఎంపిక, సర్వర్‌లో నమోదు

ఇంజనీరింగ్ సీట్ల బ్లాకింగ్‌పై కర్ణాటక పరీక్షా ప్రాధికార సంస్థ ఫిర్యాదు మేరకు 2024లో బెంగళూరు మల్లేశ్వరం పోలీసులు కేసు నమోదు చేశారు. పలువురు అభ్యర్థుల కళాశాల ఎంపికలు ఒకే ఇంటర్నెట్ చిరునామా నుంచి వచ్చినట్లు సర్వర్ నమోదులే పట్టించాయి.

మన పల్లెల్లో ఆప్షన్లు నింపేది నెట్ సెంటర్‌లోనే. అక్కడ మనకు కనబడేది తెర మాత్రమే. జాబితాలో కళాశాలను ఎంచినా, సర్వర్‌లో భద్రమయ్యేవరకు అది ఆ కంప్యూటర్ బ్రౌజర్‌కే పరిమితం. పేజీ మూస్తే పోవచ్చు. గడి ఖాళీగా ఉన్నదని బ్రౌజర్ హెచ్చరించగలదు గాని, ఆ కాపలాను తెలిసినవాడు సులువుగా దాటుతాడు. కనుక అర్హతను సర్వరే మళ్లీ పరిశీలించాలి. అయితే సరైన పాస్‌వర్డ్‌తో వచ్చినవాడు విద్యార్థియో దళారియో సర్వర్‌కూ తెలియదు. (పిల్లల పాస్‌వర్డ్‌లు గోడకంటించిన సెంటర్‌ను నేనే చూశాను!) గడువులోపు తల్లిదండ్రుల ఎదుట మరల లాగిన్ అయి, నిలిచిన ఆప్షన్ల ప్రతిని ముద్రించుకోవాలి.