ఏ మనిషి?

మొన్నామధ్య మా మండల కేంద్రంలో పర్యావరణం మీద కవి సమ్మేళనం జరిగింది. సంఘం తరఫున పదిమందిమి వెళ్లాము. ఒక కవిగారు గొంతెత్తి బాగానే చదివారు. మనిషి నేలతల్లి గుండెను తోడేశాడట, చెరువును మింగాడట, ఇప్పుడు సిగ్గుతో తల దించుకోవాలట. అందరూ చప్పట్లు కొట్టారు. నా పక్కన కూచున్న నాట్ల ముఠా పెద్దమ్మ మాత్రం కొట్టలేదు. "ఏ మనిషి కొడుకా? నేను గూడనా?" అని అడిగింది.

అక్కడ జవాబు చెప్పలేకపోయాను. అందుకే ఈ నాలుగు ముక్కలు.

ఆమెకు గుంట భూమి లేదు. బోరు వేయలేదు, చెరువు శిఖం ఆక్రమించలేదు, వాగులో ఇసుక తోడలేదు. ప్రపంచంలో సంపన్నులైన నూటికి పదిమందే గాలిలో కలిసే కర్బన వాయువుల్లో దాదాపు సగానికి కారణమని 2019 లెక్కలు చెబుతున్నాయి. ఎండ మాత్రం ముందు తగిలేది ఆమె నెత్తికే. 2015 మే వడగాడ్పులకు ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే వెయ్యికి పైగా మనుషులు చనిపోయారు. తెలంగాణలో వందలమంది పోయారు. చల్లటి గదుల్లో కూచున్నవాళ్లు అందులో ఎంతమంది ఉంటారు? "మనిషి" అనే ఒక్క మాటలో దొరనూ కూలినీ కలిపి కట్టేస్తే అది కవిత్వం కాదు, తప్పుడు పంచాయితీ.

అయితే, కూలి రేట్ల పోరాటం ఉండగా కవిత్వం మనకెందుకు అనే కార్యకర్తలూ ఉన్నారు. అదీ పొరపాటే. పాట మన పనిముట్టు. నేల మారిన సంగతి పుస్తకాలకన్నా ముందు పాటకే తెలిసింది. మా నాయన మోట కొట్టేవాడు. ఎద్దులు ముందుకు దిగేటప్పుడు ఒక వరస, వెనక్కి ఎక్కేటప్పుడు ఇంకో వరస పాడేవాడు. కరెంటు మోటారొచ్చి మోటతోపాటు ఆ పాటా పోయింది. బోర్లొచ్చి బావే ఎండింది. వరికోత మిషనొచ్చి కోత పాట పోయింది. పాత రోజులే మంచివని నేననను. మా నాయన భుజాలకు నొప్పి తప్పినందుకు సంతోషమే. మిషను మీద పగ లేదు. కాని మిషను మిగిల్చిన కూలి డబ్బులు ఎవరి జేబులోకి పోయాయి? ఆ ప్రశ్న పాటలోకి రావాలి.

మనవాళ్లు అడగకపోలేదు. 1946–51 తెలంగాణ పోరాట కాలంలో సుద్దాల హనుమంతు లాంటివాళ్లు గొల్లసుద్దుల వంటి జనం కళలు చేతబట్టి, భూమి ఎవరిదని ఊరూరా అడిగారు. 2002లో కుబుసం సినిమాలో గోరటి వెంకన్న పాట, పల్లె ఏడుపుకు కారణం తలరాత కాదని, వెనక కనపడని చేతులున్నాయని చెప్పింది. అదే ఏడు ఎన్. గోపి నీళ్ల మీద "జలగీతం" అనే దీర్ఘకావ్యం తెచ్చారు. అదే ఏడు ప్రభుత్వం నీరు, భూమి, చెట్ల రక్షణకు వాల్టా చట్టం తెచ్చింది. చట్టం కాగితం మీదనే ఎక్కువ ఉంది. పాట జనం నోట్లో ఉంది.

ఇప్పుడు రెండు ప్రశ్నలు కలవాలి. భూమి ఎవరిది? భూమి ఏమైపోతోంది? మొదటిది వదిలి రెండోది పాడితే ఉత్త ఏడుపవుతుంది. రెండోది వదిలి మొదటిది పాడితే, రేపు మన చేతికి పట్టా వచ్చినా దాని కింద తడి ఉండదు.

మిత్రులారా! ఈ ఎండాకాలం మన కోర్కెల పత్రంలో పొద్దుటి పూట పని, పనిచోట నీడ, మంచినీళ్లు, వడదెబ్బకు పోయినవాళ్ల ఇంటికి నష్టపరిహారం ఉండాలి. వాటిని పాట కట్టండి. ముసలమ్మలకు గుర్తున్న నాటు పాటలను వాళ్లుండగానే రాసుకోండి. బెంగాల్ నుంచి, బీహార్ నుంచి నాట్లకొచ్చే కూలీలకూ తమ మట్టి పాటలుంటాయి. కూలి తగ్గించారని వాళ్లమీద కోపం పెంచుకోకండి. పక్కన కూచోబెట్టుకుని వినండి.

కవులకు కూడా ఒక మనవి. వేదిక మీదికి రాకముందు ఒక్కరోజు మాతో మడిలో దిగండి. నడుం వంచి చూస్తే, మీరు చెప్పే మనిషి ఎవరో గట్టు మీద గొడుగు కింద కనపడతాడు. అప్పుడు రాయండి. పెద్దమ్మ కూడా చప్పట్లు కొడుతుంది.