కత్తికి బిల్లు ఉందా?

మా పరకాలలో సెప్టెంబరు 2 దగ్గరపడుతుంటే నాకు తెలిసిన ఒక ఇంట్లో ట్రంకు పెట్టె కిందికి దిగుతుంది. 1947లో అదే రోజు జాతీయ జెండా ఎగరేద్దామని వచ్చిన జనం మీద నిజాం పోలీసులు, రజాకార్లు కాల్పులు జరిపారు. అమరధామంలో ఆ ఘట్టాన్ని శిల్పాలుగా నిలిపారు. మా వాడు దాన్ని పిల్లలతో నాటికగా ఆడిస్తాడు. నాటిక అన్నాక తుపాకులు కావాలి కదా! పదో పన్నెండో చెక్క తుపాకులు, ఖాకీ బట్టలు, తోలు బెల్టులు అన్నీ ఆ పెట్టెలోనే. అడుగున పాత ధోతిలో చుట్టి మరో మూడు వస్తువులున్నాయి. కాకతీయుల నాటకం కోసం కమ్మరితో చేయించిన రెండు ఇత్తడి పిడి కత్తులు, వాళ్ల తాత కాలం నుంచి ఇంట్లో ఉన్న ఒక పాత కత్తి.

మొన్న వాటిని చూపిస్తూ అడిగాడు. "అన్నా, వచ్చే జాతరకు ఇంటిల్లిపాది మేడారం పోతం. నాలుగు రోజులు ఇంటికి తాళమే. టీవీ పోయిందంటే మళ్లొకటి కొనుక్కుంటం. గివి పోతే ఎట్ల? వీటికి ఇన్సూరెన్సు చేస్తరా?"

చేస్తారు. అయితే మనం అనుకున్నట్టు చేయరు. ఈ వారం ఆ సంగతే చెప్పుకుందాం. చిందు యక్షగానం కళాకారులు, వీధి నాటకాల వాళ్లు, కర్రసాము కత్తిసాము నేర్పేవాళ్లు, బడిలో రుద్రమదేవి నాటకం వేయించే టీచర్లు, అందరి అటకల మీదా ఇలాంటి పెట్టె ఒకటి ఉంటుంది. జనగామ జిల్లా చిందు కళాకారుడు గడ్డం సమ్మయ్యకు 2024లో పద్మశ్రీ వచ్చినప్పుడు మనమంతా చప్పట్లు కొట్టాం. ఆ కళ బతికేది కిరీటాలు, భుజకీర్తులు, కత్తుల మీదే. అవి పోతే ఆ ఏడాది ఆట లేదు, ఆట లేకపోతే ఇంటికి రూపాయి రాదు.

ముందు మీ ఇంటి పాలసీ తీసి చూడండి. 2021 ఏప్రిల్ 1 నుంచి సాధారణ బీమా కంపెనీలన్నీ ఇళ్లకు 'భారత్ గృహ రక్ష' అనే ఒకే తీరు పాలసీ అమ్ముతున్నాయి. అగ్ని ప్రమాదం, వరద, తుపాను, భూకంపం, అల్లర్లు లాంటివన్నీ అందులో ఉంటాయి. ఇంటి కట్టడానికి బీమా తీసుకుంటే ఆ మొత్తంలో 20 శాతం మేర, గరిష్ఠంగా 10 లక్షల దాకా, లోపలి సామానుకూ వర్తిస్తుంది. ఇంతవరకు బాగానే ఉంది. దొంగతనం మాటకొస్తేనే చిక్కు. అగ్ని ప్రమాదమో వరదో జరిగాక ఏడు రోజుల లోపల జరిగే దొంగతనానికే అందులో రక్షణ ఉంది. ఇల్లు మునిగి మనం బంధువుల ఇంట్లో తలదాచుకున్నప్పుడు ఎవడో సామాను ఎత్తుకుపోతే డబ్బులిస్తారన్నమాట. మామూలు రోజున తాళం పగలగొట్టి దూరిన దొంగ ఆ పాలసీ లెక్కలోకి రాడు. బ్యాంకు వాళ్లు లోనుతో పాటు అంటగట్టిన పాలసీ ఉంది కదా అని నిశ్చింతగా ఉన్నవాళ్లు ఎందరో. దొంగతనానికి బర్గలరీ కవర్ వేరేగా అడిగి తీసుకోవాలి.

అది తీసుకున్నా ఒక మెలిక ఉంటుంది. చాలా బర్గలరీ పాలసీల్లో 'బలప్రయోగంతో, దౌర్జన్యంగా' లోపలికి వచ్చి చేసిన దొంగతనం అని రాసి ఉంటుంది. ఈ మాట మీద ఒక కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. యునైటెడ్ ఇండియా కంపెనీకీ హర్‌చంద్ రాయ్ చందన్‌లాల్ అనే వ్యాపార సంస్థకూ నడిచిన ఆ కేసులో 2004లో తీర్పొచ్చింది. పాలసీలో అలా రాసుకున్నప్పుడు బలప్రయోగం జరిగినట్టు కనబడాలి, ఉత్త దొంగతనం చాలదు అని కోర్టు కంపెనీ వైపే నిలబడింది. తలుపు తెరిచి పెట్టి పక్కింటికి వెళ్లొచ్చేలోగా కత్తి మాయమైతే ఆ పాలసీతో ఏమీ రాదు. రిహార్సల్‌కు వచ్చిన కుర్రాడు చంకలో పెట్టుకుపోయినా అంతే. తాళం విరగాలి, కిటికీ ఊచ వంగాలి. తాళం పెట్టె బయట ఉంటే చాలదు, ఇంటికీ ఉండాలి.

ఇంకో గొడవ కూడా ఉంది. ఆ పెట్టె ఇంటి సామానా, వృత్తి సామానా? ప్రదర్శనలకు పారితోషికం తీసుకునే బృందమైతే ఇది వ్యాపార పరికరం, ఇంటి పాలసీలోకి రాదు అని కంపెనీ అనవచ్చు. ఆ మాట క్లెయిము నాడు వినడం కన్నా ప్రీమియం కట్టే నాడే ఏజెంటును అడిగి, జవాబు కాగితం మీదో ఈమెయిల్లోనో తీసుకోవడం మేలు. "ఏం పర్వాలేదు సార్, అన్నీ కవరైతయ్" అన్న నోటి మాట మీద ఒక్క రూపాయి కూడా రాదు. పైగా ఇంటి పాలసీ ఆ ఇంటి చిరునామాకే. పక్క మండలంలో ఆట ఆడి అక్కడి బడిలో పెట్టిన సామాను పోతే లెక్కలోకి రాదు. ఊళ్లు తిరిగే బృందాలు 'ఆల్ రిస్క్' అనే రకం పాలసీ గురించి అడగాలి.

అసలు పేచీ ధర దగ్గర. ఇత్తడి పిడి కత్తిని దొంగ తూకానికి అమ్ముతాడు. అతనికి అది కిలో లెక్క. సర్వేయరు వచ్చి పాత ఇనప సామాను, ఇన్నేళ్లు వాడారు, ఇంత తరుగుదల అని లెక్క కడతాడు. ఆయనకూ దాదాపు కిలో లెక్కే. మళ్లీ చేయించాలంటే మాత్రం కమ్మరి కొలిమి, ఇత్తడి పోత, ఒరకు తోలు, అన్నీ కలిసి ఎంతవుతుందో చేయించినవాడికే తెలుసు. ఈ తేడాను ముందే పూడ్చుకునే దారి ఒకటుంది. భారత్ గృహ రక్షలో నగలు, వెండి, చిత్రపటాలు, పురాతన వస్తువుల వంటి విలువైన సామానుకు 'ముందే ఒప్పుకున్న విలువ' మీద అదనపు కవర్ తీసుకోవచ్చు. మొత్తం 5 లక్షల లోపు ఉండి, ఒక్కో వస్తువు లక్ష దాటకపోతే వాల్యుయర్ సర్టిఫికెట్ కూడా అక్కర్లేదు. తాత కత్తిని అందులో పేరు పెట్టి రాయించండి. అయితే ఇది కూడా ఆ పాలసీ షరతుల్లోనిదే. కాబట్టి బర్గలరీ కవర్‌లో కూడా అదే వస్తువు, అదే విలువతో ఉందో లేదో చూసుకోవాలి. కొత్తగా చేయించిన కత్తులకు బిల్లు కావాలి. కమ్మరి బిల్లు ఎక్కడిస్తాడు అంటారా? తెల్ల కాగితం మీద ఫలానా తేదీన ఫలానా కొలతలతో చేసిచ్చాను, ఇంత తీసుకున్నాను అని రాయించి సంతకమో వేలిముద్రో తీసుకుంటే అదే బిల్లు. ఫోన్‌పేలో డబ్బు పంపితే ఇంకా మంచిది, తేదీతో సహా ఉంటుంది.

కాగితం బలమేంటో తెలియాలంటే మన నిజాం కత్తి కథే చూడండి. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ 1903 ఢిల్లీ దర్బారులో ప్రదర్శించిన పాము ఆకారపు కత్తి ఒకటి 1905లో జనరల్ ఆర్చిబాల్డ్ హంటర్ అనే బ్రిటిష్ సేనాని చేతికి పోయింది. 1978లో ఆయన మేనల్లుడు దాన్ని స్కాట్లాండులోని గ్లాస్గో మ్యూజియానికి ఇచ్చాడు. 2022 ఆగస్టులో దాన్ని భారతదేశానికి తిరిగి అప్పగిస్తామని గ్లాస్గో వాళ్లు సంతకం పెట్టారు. అది ఏ చేతి నుంచి ఏ చేతికి పోయిందో మ్యూజియం రికార్డుల్లో ఉండబట్టే నూరేళ్లు దాటాక కూడా ఇది హైదరాబాదుది అని చెప్పగలిగారు. 2018 సెప్టెంబరులో పురానీ హవేలీలోని నిజాం మ్యూజియంలోకి దొంగలు వెంటిలేటర్ గుండా దిగి బంగారు టిఫిన్ డబ్బా ఎత్తుకుపోయారు గుర్తుందా? దొరికినప్పుడు అది అదేనా అన్న సందేహమే రాలేదు. మన ఇంటి కత్తికి ఆ భాగ్యం లేదు. దొంగ దొరికి, పోలీసులు పది కత్తులు బల్ల మీద పరిచి "ఇందులో మీదేది?" అంటే ఏం చూపిస్తారు?

అందుకే ఒక మధ్యాహ్నం పని పెట్టుకోండి. ప్రతి వస్తువునూ స్కేలు పక్కన పెట్టి రెండు వైపులా ఫొటో తీయండి. పిడి మీద సొట్ట, అంచున విరుపు, కమ్మరి గుర్తు ఉంటే దగ్గర నుంచి తీయండి. పొడవు, బరువు రాయండి. ఆ ఫొటోలు ఫోనులోనే ఉంచితే దొంగ ఫోను కూడా పట్టుకుపోతాడు. కూతురికో కొడుకుకో పంపి పెట్టండి.

తాత కత్తి విషయంలో మరో మాట. మెరుస్తుంది కదా అని దాన్ని గ్రైండింగ్ షాపుకు పంపకండి. మన కోనసముద్రం ఉక్కు కోసం ఒకప్పుడు పర్షియా వర్తకులు వచ్చేవారు. ఆ తరహా ఉక్కు మీద నీటి అలల్లాంటి గీతలుంటాయి, సాన పట్టారంటే గీతలూ పోతాయి, విలువా పోతుంది. పలచగా నూనె రాసి, ఒర బయట పెట్టడమే మంచిది, తోలు చెమ్మ పట్టి తుప్పు తెస్తుంది. నూరేళ్లు దాటిన వస్తువు 1972 చట్టం ప్రకారం పురావస్తువు. దాన్ని ఇంట్లో ఉంచుకోవచ్చు గానీ విదేశాలకు పంపడానికి వీల్లేదు. డల్లాస్‌లో మనవడు గోడకు పెట్టుకుంటానంటే ఫొటో ఫ్రేము కట్టించి పంపండి.

ఆయుధాల చట్టం మాటేమిటని కొందరు భయపడి అసలు ఎవరికీ చెప్పరు. 1959 చట్టంలో బొమ్మగా తప్ప ఎందుకూ పనికిరానివి, మార్చినా ఆయుధం కానివి ఆయుధాల కింద రావు. కాబట్టి చెక్క తుపాకులకు దిగులు లేదు. కత్తులకు లైసెన్సు కావాలా అన్నది కేంద్రం నోటిఫై చేసిన ప్రాంతాన్ని బట్టి ఉంటుంది. మన ఠాణాలోనే ఒకసారి అడిగి తెలుసుకోవాలి. నాటకం కత్తికి పదును అక్కర్లేదు, మొద్దుగానే చేయించండి. పిల్లలకూ క్షేమం, మీకూ క్షేమం. వీధిలోకి కనబడేలా హాలు గోడకు తగిలించడం కన్నా లోపలి గదిలో, గోడకు బోల్టు వేసిన పెట్టెలో ఉంచడం నయం. ఊరెళ్లేటప్పుడు ఎన్ని రోజులు తాళం వేసి ఉండవచ్చో పాలసీలో చదవండి, ఆ గడువు దాటితే కవర్ ఆగిపోయే పాలసీలున్నాయి.

పోయిందే అనుకోండి, ముందు ఏదీ ముట్టుకోకండి. విరిగిన తాళాన్ని ఫొటో తీయండి. చాలామంది కొత్త తాళం వేసి, పాతది పారేసి, ఇల్లు ఊడ్చాక ఠాణాకు పోతారు. సర్వేయరు అడిగే మొదటి సాక్ష్యం ఆ తాళమే. ఫిర్యాదులో 'దొంగతనం జరిగింది' అని మాత్రం రాసి ఊరుకోకుండా, తాళం ఎలా పగిలిందో, కత్తుల గుర్తులేంటో రాయండి. ఎఫ్ఐఆర్ కాపీ మీకు ఉచితంగా ఇవ్వాలి. కత్తి విషయంలో ఈ కాగితం డబ్బుల కోసమే కాదు. రేపు ఏదో గొడవలో ఆ కత్తి దొరికి, ఎవరిదని ఆరా తీస్తూ పోలీసులు మీ ఇంటికొస్తే, అది పలానా రోజు పోయిందని చూపడానికి మీ దగ్గర ఉండేది ఈ కాగితమే. అదే రోజు ఊళ్లోని పాత ఇనప సామాన్ల దుకాణాలకు ఫొటో చూపించి రండి, ఇత్తడి ముందు చేరేది అక్కడికే. బీమా కంపెనీకీ అదే రోజు చెప్పండి.

దొంగ దొరకకపోతే పోలీసుల నుంచి ఆచూకీ దొరకలేదన్న నివేదిక కంపెనీ అడుగుతుంది, దానికి నెలలు పట్టవచ్చు. ఆ తరువాత కూడా క్లెయిము కొట్టేస్తే, ముందు కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాయండి. అక్కడా పని కాకపోతే, వాళ్ల జవాబు వచ్చిన ఏడాది లోపల హైదరాబాదులోని ఇన్సూరెన్సు అంబుడ్స్‌మన్‌కు రాయవచ్చు. ఫీజు లేదు, వకీలు అవసరం లేదు.