పోపు లేని రోటి పచ్చడి

మొన్న మా అమ్మాయి విశాఖలోని ఒక పెద్ద దుకాణం నుంచి పెస్టో సీసా కొనుక్కొచ్చింది. మూత తీసి వాసన చూశాను. తడిసిన గడ్డి వాసన, పైన తేలుతున్న నూనె. లేబుల్ చదివితే పొద్దుతిరుగుడు నూనె, జీడిపప్పు, పులుపు కోసం సిట్రిక్ ఆమ్లం. "నాన్నా, జెనోవాలో తిన్నానని పాతికేళ్లుగా ఊదరగొడుతున్నది దీని గురించేనా?" అంది. పరువు పోయింది.

నేను ఓడల్లో ఇంజినీరుగా చేసి రిటైరయ్యాను. 1998లో మా ఓడ మరమ్మతు కోసం ఇటలీలోని జెనోవా రేవులో మూడు వారాలు ఆగింది. అక్కడి ఫోర్‌మన్ ఒక ఆదివారం భోజనానికి పిలిచాడు. వెళ్లేసరికి వాళ్లమ్మ చలవరాతి రోలు ముందేసుకుని ఉంది. రోలుకు నాలుగు వైపులా చెవులు, చేతిలో చెక్క బండ. ముందు ఒక్క వెల్లుల్లి రెబ్బ, నాలుగు రాళ్లుప్పు గింజలు వేసి మెత్తగా నూరింది. తర్వాత బేసిల్ ఆకులు, గుప్పెడు గుప్పెడుగా. ఆవిడ దంచలేదు. ఒక చేత్తో రోలు చెవి పట్టుకుని ఇటు తిప్పుతూ, రెండో చేత్తో బండను అటు తిప్పుతూ ఆకును రోలు గోడకేసి రాసింది. ఆకుపచ్చ రసం దిగింది. అప్పుడు పైన్ గింజలు, ఆవుపాల పార్మెజాన్, సార్డీనియా గొర్రెపాల చీజ్, చివర ఆలివ్ నూనె. మొత్తం ఇరవై నిమిషాలు. పొయ్యి ఊసే లేదు.

పాస్తాతోపాటు అదే గిన్నెలో బంగాళాదుంప ముక్కలు, బీన్స్ ఉడికించి, రెండు గరిటెలు ఆ ఉడికిన నీళ్లతో పచ్చడిని పల్చన చేసి కలిపింది. ఇంటికొచ్చి ఇదంతా చెబితే మా ఆవిడ అడిగిన మొదటి మాట: "మరి పోపు?"

పోపు లేదు. మిగతాదంతా మన రోటి పచ్చడే. పెస్టో అన్న పేరే దంచడమనే మాటలోంచి పుట్టింది. జెనోవా వాళ్లకు దీని మీద పంతం ఎంతంటే, 2007 నుంచి ప్రపంచ పోటీలు పెడుతున్నారు. వందమంది వరుసగా రోళ్ల ముందు నిలబడి నూరాల్సిందే, మిక్సీకి చోటు లేదు. ఆ ఊరి పడమటి వైపున ప్రా అనే పేట ఉంది. అక్కడ బేసిల్ మొక్కను లేతగా ఉండగానే వేళ్లతో సహా పెరికి కట్టలు కడతారు. జెనోవా బేసిల్‌కు 2005లో యూరప్ భౌగోళిక గుర్తింపు వచ్చింది. మనమేమో రోలును కుండీ కింద పీటగా వేశాం. మా ఇంట్లోనూ అంతే, అబద్ధమెందుకు.

మిక్సీతో వచ్చే చిక్కు చాదస్తం కాదు. బ్లేడు ఆకును కోస్తుంది, గిన్నె వేడెక్కుతుంది, గాలి తగిలి పచ్చడి నిమిషాల్లో నల్లబడుతుంది. ఆలివ్ నూనెను అందులోనే గిరగిరా తిప్పితే చేదెక్కుతుంది. తప్పనిసరైతే గిన్నెను ఫ్రిజ్‌లో పెట్టి చల్లార్చి, ఆపి ఆపి తిప్పండి. నూనె, చీజ్ బయట చేత్తో కలపండి.

సీసా మీద నా కోపం జీడిపప్పు గురించి కాదు. పైన్ గింజలు మన బజారులో చిల్గోజా పేరుతో దొరుకుతాయి కానీ ధర వింటే గుండె ఆగుతుంది. నేనూ పలాస జీడిపప్పే వేస్తాను. నూరిన పూటే తినాల్సిన పచ్చి ఆకు పచ్చడిని వేడిచేసి, పులుపు కలిపి, నెలల తరబడి అరలో నిలబెట్టి అదే పేరుతో అమ్మడమే నాకు మింగుడుపడనిది. గోంగూర నిలవుంటుంది, ఇది ఉండదు.

నలుగురికి ఆకులు 60 గ్రాములు, పప్పు 30, చీజ్‌లు రెండూ కలిపి 80, నూనె ఐదారు చెంచాలు. ఆకు కడిగాక గుడ్డ మీద పూర్తిగా ఆరాలి. మొక్క పూతకు రాకముందే చిన్న ఆకులు కోయండి. పెరట్లో ఉంది కదా అని తులసి మాత్రం వేయకండి. అది వేరే మొక్క, లవంగం ఘాటుతో పచ్చడంతా కషాయమవుతుంది. ఆ తప్పు నేను ఒకసారి చేశాను.