మంద వెంట నడిచే కుక్క

కైరుప్పల అనగానే ఉగాది మరునాటి పిడకల సమరమే గుర్తొస్తుంది. ఆ సందడి ముగిశాక ఊరు మళ్లీ చేల వెంట, గొర్రెల వెంట పోతుంది. ఆదోని దారిలో ఎదురయ్యే మందల వెనక ఒక కుక్క ఉంటుంది. రాత్రి తోడేలు అలికిడికి ముందుగా లేచేది అదే. గొర్రెలకు నట్టల మందు మరవకుండా తాగిస్తాం. కుక్క సంగతి మాత్రం ఎవరికీ పట్టదు.

నాలుగడుగులకే అది ఆయాసపడినా, పొడిదగ్గు వదలకపోయినా వయసు మీద పడిందనుకుంటాం. అది గుండెపురుగు పని కావచ్చు. దోమకాటుతో ఒంట్లో చేరిన పిల్లపురుగు ఆరేడు నెలల్లో ఎదిగి, గుండె నుంచి ఊపిరితిత్తులకు పోయే రక్తనాళాల్లో తిష్ఠ వేస్తుంది. ఆడపురుగు జానెడుకు మించి పెరుగుతుంది. మన దేశంలో ఈ జబ్బు ఈశాన్యంలో ఎక్కువ. దక్షిణాది కుక్కల్లో ఎక్కువగా కనిపించేది దీని దాయాది, చర్మం కింద ఉండే పురుగు. రెండింటినీ మోసేది దోమే. నీళ్లు పట్టి దాచుకునే తొట్లూ డ్రమ్ములూ మూత లేకుంటే దానికి పుట్టిళ్లే.

జబ్బు పట్టిన కుక్క నెత్తురు చుక్కను గాజుపలక మీద వేసి మైక్రోస్కోపులో చూస్తే, ఎర్రకణాలను పక్కకు నెట్టుకుంటూ మెలికలు తిరిగే సన్నని పోగులాంటి పిల్లపురుగు కనబడవచ్చు. అది ఏ జాతిదో వైద్యుడు తేల్చాలి. పోగు కనబడనంత మాత్రాన నిశ్చింత కాదు. ఎదిగిన ఆడపురుగు ఆనవాలు పట్టే కిట్ పరీక్ష కూడా ఉంది. కాటు పడ్డాక ఆరు నెలలు గడవనిదే అదీ పట్టలేదు.

ఈ కథలో మన భీమవరం బిడ్డ యల్లాప్రగడ సుబ్బారావు ఉన్నారు. అమెరికాలోని లెడర్లీలో ఆయన బృందం 1947లో వెలుగులోకి తెచ్చిన హెట్రజాన్ బోదకాలుకు మందయింది. తర్వాత కుక్కలకు రోజూ ఇచ్చే గుండెపురుగు నివారణ మాత్ర కూడా అయింది. అప్పటికే నెత్తుట్లో పిల్లపురుగులున్న కుక్కకు వేస్తే మాత్రం అది ప్రాణం మీదికి తెచ్చేది. పరీక్ష ముందు, మందు తర్వాత అన్న పద్ధతి అలా పాతుకుంది. ఆపైన నెలకోసారి చాలే ఐవర్‌మెక్టిన్ వచ్చింది. దాన్ని అందించిన ఒమురా, క్యాంప్‌బెల్‌లకు 2015లో నోబెల్ దక్కింది.

ఒక మాట గట్టిగా చెప్పాలి. గొర్రెలకు తెచ్చిన ఐవర్‌మెక్టిన్‌ను చేతి అంచనాతో కుక్కకు ఎక్కించకండి. మోతాదు తప్పితే తూలి పడిపోతుంది, చనిపోనూ వచ్చు. కుక్కను తూచి, నెత్తురు చూసి వైద్యుడే ఇవ్వాలి. ఊళ్లో నట్టల మందు శిబిరం పెట్టిన రోజునే మందల కుక్కల నెత్తురూ తీస్తే కాపరికి వేరే తిరుగుడు ఉండదు. పశుసంవర్ధక శాఖ కైరుప్పల ఉన్న ఆస్పరి మండలంతోనే మొదలుపెట్టవచ్చు.